ఎర్గోనామిక్స్: కుర్చీ, బల్ల, పనిచోటు

మనిషి శరీరపు కొలతలకు, బలానికి, చూపుకు, అలసటకు తగినట్టు పనిముట్లను, ఫర్నిచర్‌ను, పనిచోటును, పని చేసే తీరును రూపొందించే శాస్త్రం ఎర్గోనామిక్స్. బల్ల ఎత్తుగా ఉంటే భుజాలు ఎగదీసి రాసుకోవడం, వంట గట్టు పల్లంగా ఉంటే నడుము వంచి కూరలు తరుక్కోవడం మనిషికి అలవాటే. శరీరం ఎలాగోలా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు ఖరీదు కొన్నేళ్ల తర్వాత మెడలోనో, నడుములోనో, మణికట్టులోనో తెలుస్తుంది. పనికి తగ్గట్టు మనిషి వంగడం కాదు, మనిషికి తగ్గట్టు పని మారాలన్నది ఈ శాస్త్రానికి మూలసూత్రం.

శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, మనోవిజ్ఞానం, ఇంజనీరింగ్ ఇందులో కలుస్తాయి. అంతర్జాతీయ ఎర్గోనామిక్స్ సమాఖ్య దీన్ని శారీరక, బౌద్ధిక, సంస్థాగత శాఖలుగా విభజించింది. భంగిమలు, బరువులు, పదేపదే చేసే కదలికలు మొదటి శాఖలోకి వస్తాయి. అలారాలు, మీటర్లు, తెరల మీది సమాచారం మనిషి బుర్రకు ఎంత తేలిగ్గా ఎక్కుతాయో రెండో శాఖ చూస్తుంది. షిఫ్టులు, విరామాలు, కూలి కట్టే పద్ధతి మూడోదాని పరిధి. ఫర్నిచర్ ప్రధానంగా మొదటి శాఖకు చెందినదే. అయితే మూడోదాన్ని పట్టించుకోని చోట ఎంత మంచి కుర్చీ వేసినా ఫలితం అంతంత మాత్రమే.

చరిత్ర

వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద తొలి సమగ్ర గ్రంథం రాసినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని. లాటిన్‌లో రాసిన ఆ పుస్తకం 1700లో వచ్చింది. 1713లో పెంచి ముద్రించిన కూర్పులో ఆయన లేఖకుల బాధలనూ వివరించాడు. రోజంతా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడిస్తూ ఉండడం, లెక్క తప్పుతుందేమోనన్న ఆందోళన, ఈ మూడింటినీ వారి జబ్బులకు కారణాలుగా చూపాడు. మూడు వందల ఏళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి గురించి వైద్యులు చెబుతున్నదీ దాదాపు ఇదే.

శాస్త్రానికి ఆ పేరు పెట్టింది పోలండ్ ప్రకృతి శాస్త్రవేత్త వోయ్‌చెక్ యాస్త్‌షెంబోవ్‌స్కీ. 1857లో ఒక పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఈ మాటను వాడాడు కానీ, అది అప్పట్లో బయటి ప్రపంచానికి చేరలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో పనిని కొలిచే ప్రయత్నాలు వేరే దారిన సాగాయి. బెత్లహేమ్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ పారల మీద ప్రయోగాలు చేశాడు. పారకు సుమారు 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోల సరుకు వస్తే కూలీ రోజు మొత్తం మీద ఎక్కువ ఎత్తగలడని తేల్చాడు. బరువైన ఖనిజానికి చిన్న పార, తేలికైన బొగ్గుపొడికి పెద్ద పార ఇప్పించాడు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకల పనిని పరిశీలించి, ఒక్కో ఇటుకకు పద్దెనిమిది కదలికలు పడుతున్న చోట అయిదింటికి తెచ్చాడు. గోడతో పాటు పైకి జరిగే పరంజాను అమర్చి, ఇటుకలు మేస్త్రీ చేతికందే ఎత్తులో ఉండేలా చూశాడు. ఇటుక కోసం ప్రతిసారీ కాళ్ల దాకా వంగాల్సిన అవస్థ తప్పింది. వీరిద్దరి మొదటి లక్ష్యం ఉత్పత్తి పెరగడమే. కూలీకి దక్కిన ఊరట దాని వెంట వచ్చింది. అలసటనే ప్రధానంగా పట్టించుకున్నది ఫ్రాంక్ గిల్‌బ్రెత్ భార్య, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లిలియన్. ఆమె తర్వాతి కాలంలో వంటగదుల అమరిక మీద పనిచేసింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ విద్యకు శాస్త్రం హోదా తెచ్చింది. బి-17 బాంబర్ విమానాలు క్షేమంగా నేల మీద దిగాక కూడా కొందరు పైలట్లు చక్రాలను లోపలికి ముడిచేసి ప్రమాదాలు తెచ్చుకునేవారు. రెక్కల ఫ్లాపుల మీట, చక్రాల మీట ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉండడమే కారణమని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ గుర్తించాడు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్కలాంటి ముక్క తగిలించగానే చూడకుండానే చేతికి తేడా తెలిసింది. పైలట్ పొరపాటుగా అప్పటిదాకా లెక్కకట్టిన తప్పు నిజానికి డిజైన్‌లో ఉందని ఇక్కడ రుజువైంది. ఎర్గోనామిక్స్ ఆలోచనకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1949లో బ్రిటన్‌లో హైవెల్ మరెల్ తదితరులు పరిశోధక సంఘం పెట్టినప్పుడు ఎర్గోనామిక్స్ అన్న మాట స్థిరపడింది. అమెరికా సంఘం 1957లో, అంతర్జాతీయ సమాఖ్య 1959లో ఏర్పడ్డాయి.

శరీరం ఎందుకు నొస్తుంది

కదలకుండా కూర్చోవడం విశ్రాంతి అనిపిస్తుంది కానీ కండరానికి కాదు. కండరం బిగిసి ఉన్నంతసేపూ లోపలి రక్తనాళాలు నొక్కుకుంటాయి. తన గరిష్ఠ బలంలో పదిహేను, ఇరవై శాతం వాడినా చాలు, రక్త ప్రసారం తగ్గి, వ్యర్థాలు పేరుకుని నొప్పి మొదలవుతుంది. నడకలో కండరం బిగిసి సడలుతూ రక్తాన్ని తోస్తుంది. తెర వైపు మెడ చాచి కూర్చున్నప్పుడు సడలే అవకాశం ఉండదు. తల బరువే దాదాపు అయిదు కిలోలు. అది వెన్ను మీద నిటారుగా నిలిచినప్పుడు మెడ వెనుక కండరాల పని తక్కువ, ముందుకు వాలే కొద్దీ అనేక రెట్లు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు పెద్దవారిలో సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే వాటికి పోషకాలు అందుతాయి. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నుంచి సజీవుల డిస్కులలోకి సూది పంపి ఒత్తిడిని కొలిచాడు. నిలబడ్డప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకుంటే 25, ఆనుకోకుండా కూర్చుంటే 140, కూర్చుని ముందుకు వంగితే 185 అని ఆయన లెక్క. కూర్చోవడం నిలబడడం కంటే నడుముకు భారం అన్న మాట దీని నుంచే ప్రచారమైంది. 1999లో జర్మనీలో హన్స్-యోఆఖిమ్ విల్కె బృందం ఒకరి మీద చేసిన కొలతల్లో మాత్రం వదులుగా కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడ్డప్పటి కంటే ఎక్కువేమీ కాలేదు. అందువల్ల నాకెమ్‌సన్ అంకెలను తిరుగులేనివిగా వల్లించడం సరికాదు. ముందుకు వంగితే భారం పెరుగుతుందన్న విషయంలో మాత్రం రెండు పరిశోధనలూ ఏకీభవిస్తాయి.

లండన్ బస్సుల మీద జెర్రీ మోరిస్ 1953లో ప్రచురించిన అధ్యయనం కూర్చోవడాన్ని ఇంకో వైపు నుంచి చూసింది. రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్లకు, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్ల కంటే గుండె జబ్బులు ఎక్కువని తేలింది. ఆ తర్వాతి పరిశోధన అంతా ఒక సంగతిని బలపరుస్తూ వచ్చింది: ఏ భంగిమ అయినా గంటల తరబడి మారకపోవడమే అసలు చెరుపు. తర్వాతి భంగిమే మంచి భంగిమ అని ఈ రంగంలో వాడుకగా చెప్పుకుంటారు.

కొలతలు, సగటు మనిషి

ఫర్నిచర్ రూపకర్తకు మొదట కావాల్సింది శరీర కొలతల పట్టిక: నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా ఎత్తు, పిరుదు నుంచి ఆ మడత దాకా పొడవు, తుంటి వెడల్పు, కూర్చున్నప్పుడు మోచేయి ఎత్తు, కంటి ఎత్తు, చేయి చాపితే అందే దూరం. అమెరికా డిజైనర్ హెన్రీ డ్రైఫస్ 1955లో తన పుస్తకంలో జో, జోసఫీన్ అనే స్త్రీ పురుషుల రేఖాచిత్రాలతో ఈ కొలతలను డిజైనర్ల బల్ల మీదికి తెచ్చాడు.

సగటు కొలతకు చేస్తే అందరికీ సరిపోతుందనుకోవడం సహజం. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ ఈ నమ్మకాన్ని పరీక్షించాడు. 4,063 మంది పైలట్ల కొలతల్లోంచి పదింటిని తీసుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెందరో వెతికాడు. ఒక్కరూ లేరు. పొడవాటి చేతులవాడికి పొట్టి కాళ్లుండొచ్చు, వెడల్పాటి భుజాలవాడికి సన్నటి నడుముండొచ్చు. 1952లో వచ్చిన ఈ ఫలితం తర్వాత సీటును, పెడళ్లను ముందుకూ వెనక్కీ జరుపుకునే ఏర్పాటు వైమానిక దళంలో తప్పనిసరైంది.

అప్పటి నుంచి వచ్చిన పద్ధతి ఇది. జనాభాలో అతి చిన్న అయిదు శాతాన్నీ, అతి పెద్ద అయిదు శాతాన్నీ పక్కనపెట్టి, మధ్యనున్న తొంభై శాతానికి సరిపడేలా సర్దుబాటు ఇస్తారు. సర్దుబాటు కుదరని చోట ఏ కొన అడ్డమో చూస్తారు. తలుపు ఎత్తు పొడవాటివారిని బట్టి, అలమార పై అర పొట్టివారిని బట్టి నిర్ణయిస్తారు.

పరాయి దేశపు కొలతలను తెచ్చి వాడితే ఏమవుతుందో భారతీయ కార్యాలయాల్లో చూడవచ్చు. 152 సెంటీమీటర్ల పొడవున్న స్త్రీకి నేల నుంచి మోకాలి వెనుక మడత 38 సెం.మీ. ఎత్తు ఉంటుంది. చెప్పుల మందం కలిపితే నలభై. ఆఫీసు కుర్చీలు చాలావాటిని ఎంత దించినా 42 దగ్గర ఆగిపోతాయి. బల్ల 72 నుంచి 75 సెం.మీ. ఎత్తు. ఆమె మోచేయి నేల నుంచి 60 సెం.మీ. దగ్గర ఉంటుంది. కుర్చీ దించితే భుజాలు ఎగదీసి టైపు చేయాలి, పెంచితే కాళ్లు గాల్లో వేలాడి తొడల కింద సీటు అంచు కోసుకుంటుంది. కాళ్ల కింద పీట వేయడం తాత్కాలిక వైద్యం, ఎత్తు మార్చుకోగల బల్ల అసలైన మందు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ప్రచురణగా దేవ్‌కుమార్ చక్రవర్తి 1997లో వెలువరించిన భారతీయుల శరీర కొలతల పుస్తకం ఈ కొరతను కొంత తీర్చింది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ పనిముట్ల రూపకల్పన కోసం వ్యవసాయ కార్మికుల కొలతలు సేకరించింది. కొలతలు దొరుకుతున్నా వాటిని తెరిచి చూసే తయారీదారులు తక్కువే.

కుర్చీ

చాలాకాలం కుర్చీ సౌకర్యం కోసం పుట్టిన వస్తువు కాదు, హోదాకు గుర్తు. ఆ వాసన ఇంకా పోలేదు. ప్రభుత్వ కార్యాలయంలో సమావేశాలకు తిరిగే అధికారికి ఎత్తు వీపు కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాలు ఉంటాయి. ఎనిమిది గంటలు కదలకుండా ఫైళ్లు రాసే గుమాస్తాకు చేతులు కూడా లేని చెక్క కుర్చీ దక్కుతుంది. ఎర్గోనామిక్స్ ప్రకారం ఈ పంపకం తలకిందులు.

1948లో స్వీడన్ వైద్యుడు బెంట్ అకెర్‌బ్లోమ్ కూర్చునే, నిలబడే భంగిమల మీద వెలువరించిన అధ్యయనం ఆధునిక కుర్చీకి పునాది. కుర్చీ వీపు భుజాలకు కాక నడుము వంపు దగ్గర ఆధారమివ్వాలని, సీటు ఎత్తు తగ్గాలని ఆయన చెప్పాడు. 1953లో అమెరికా సర్జన్ జె.జె. కీగన్ ఎక్స్‌రేలు తీసి, తొడకూ మొండేనికీ మధ్య కోణం సుమారు 135 డిగ్రీలు ఉన్నప్పుడు నడుము వంపు సహజ స్థితిలో ఉంటుందని చూపాడు. నిటారుగా తొంభై డిగ్రీల్లో కూర్చోగానే తుంటి ఎముక వెనక్కి తిరిగి ఆ వంపు చదునవుతుంది. బడిలో పంతుళ్లు నేర్పే నిటారు కూర్చోవడానికి శరీర నిర్మాణంలో ఆధారం లేదని దీంతో తేలింది. స్విట్జర్లాండ్‌లో ఎటియెన్ గ్రాంజాన్ 1980లలో కంప్యూటర్ ఉద్యోగులకు సర్దుకోగల కుర్చీలు, బల్లలు ఇచ్చి వారి ఇష్టానికి వదిలేస్తే, ఎక్కువమంది వెనక్కి వాలే కూర్చున్నారు.

తుంటి కోణాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి. ఒకటి వీపును వెనక్కి వాల్చడం, ఇంకొకటి సీటును ముందుకు వాల్చడం. డెన్మార్క్ సర్జన్ ఎ.సి. మాండల్ రెండోదాని పక్షాన నిలిచాడు. బడిపిల్లలు బల్ల మీదికి వంగి రాసేటప్పుడు కుర్చీ వెనుక కాళ్లను గాల్లోకి లేపి ఊగుతారు. అది అల్లరి కాదని, నడుమును కాపాడుకునే ప్రయత్నమని ఆయన వాదన. సీటు ఎత్తుగా, ముందుకు వాలుగా, బల్ల పైభాగం రాసేవారి వైపు వాలుగా ఉండాలన్నాడు. మన పాత గుమాస్తాల వాలు రాతబల్ల ఈ సూత్రానికే కట్టుబడి ఉంది. నార్వేలో 1979లో వచ్చిన మోకాళ్ల కుర్చీ అదే ఆలోచనను కొస దాకా తీసుకెళ్లింది. దాని మీద కూర్చుంటే నడుము వంపు నిలుస్తుంది కానీ భారంలో కొంత మోకాళ్లకు, ముంగాళ్లకు చేరుతుంది, కాళ్లు మార్చుకునే వీలు తగ్గుతుంది. ఆ రూపకర్తల్లో ఒకరైన పీటర్ ఓప్స్‌విక్ అంతకుముందే, 1972లో చేసిన ట్రిప్ ట్రాప్ అనే పిల్లల కుర్చీ ఎక్కువ కాలం నిలిచింది. సీటునూ కాళ్లపలకనూ గాళ్లలో పైకీ కిందికీ జరుపుతూ పోతే అది పిల్లలతో పాటు పెరుగుతుంది.

1994లో బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ కలిసి హెర్మన్ మిల్లర్ సంస్థకు రూపొందించిన ఏరాన్ కుర్చీ కార్యాలయ ఫర్నిచర్‌లో మలుపు. దాని మూలం వృద్ధుల కోసం చేసిన ఒక పడక్కుర్చీ ప్రయత్నం. గంటల తరబడి కూర్చునే ముసలివారికి స్పాంజి దిండు వేడిని బంధించి పుండ్లు తెప్పిస్తుంది. అందుకని దిండు తీసేసి సాగే వల బిగించారు. గాలి ఆడుతుంది, భారం సమంగా పరుచుకుంటుంది. చెప్పుల మాదిరిగా మూడు సైజుల్లో అమ్మడం మరో కొత్తదనం. వల సీటు అమెరికాకు కొత్త కావచ్చు, ఉక్కబోతలో బతికే తెలుగు నేలకు పేము అల్లిక కుర్చీ, నవారు మంచం తెలిసినవే. వాటిని తోసి రెగ్జిన్ తొడిగిన స్పాంజి సోఫాలు కొనుక్కోవడం వాతావరణానికి ఎదురీదడమే.

మంచి పని కుర్చీలో చూడాల్సినవి కొన్నే. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. సీటు ముందు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి, లేకపోతే రక్తనాళాలు నొక్కుకుంటాయి. అంచు గుండ్రంగా కిందికి ఒరగాలి. నడుము ఆధారం ఎత్తు మారాలి. చేతులు బల్లకు తగిలి కుర్చీని దూరంగా ఆపకూడదు. వీపు వాలుతూ లేస్తూ మనిషితో పాటు కదలాలి. తల ఆనించుకునే దిండు, తోలు కవరు, పెద్ద చక్రాలు ధరను పెంచుతాయి తప్ప పైవాటిలో ఏ లోటునూ పూడ్చవు.

బల్ల, తెర, కీబోర్డు

తెర చేయి చాచినంత దూరంలో, అంటే 50 నుంచి 70 సెం.మీ. దూరంలో ఉండాలి. దాని పై అంచు కంటి మట్టానికి గానీ, కాస్త కిందికి గానీ ఉంటే మెడ తటస్థంగా నిలుస్తుంది. రెండు రకాల చూపుకు కలిపిన కళ్లద్దాలు వాడేవారు అద్దం కింది భాగంతో తెర చూడడానికి గడ్డం పైకెత్తుతారు. వారికి తెర ఇంకా దించాలి. కిటికీ తెర వెనుక గానీ, కూర్చున్నవారి వెనుక గానీ కాక పక్కన ఉండాలి. కీబోర్డు మీద మోచేతులు తొంభై నుంచి నూటపది డిగ్రీల్లో, మణికట్లు తిన్నగా ఉండాలి. మణికట్టులోని సన్నటి సొరంగం గుండా వేళ్లను కదిపే స్నాయువులు, ఒక నరం కలిసే వెళతాయి. చేయి పైకో పక్కకో వంగి ఉండగా వేళ్లు వేలసార్లు కదిలితే ఆ నరం నలుగుతుంది. కార్పల్ టన్నెల్ జబ్బుకు ఇది ఒక దారి.

ల్యాప్‌టాప్‌లో ఈ నియమాలన్నీ పాటించడం కుదరదు. తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి కాబట్టి చేతులకు సరిపోతే మెడ వంగుతుంది, మెడకు సరిపోతే భుజాలు లేస్తాయి. 2020లో కరోనా కాలంలో హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులు నెలల తరబడి భోజనాల బల్లల మీద, మంచాల మీద పనిచేశారు. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీదికెత్తి విడిగా ఒక కీబోర్డు తగిలిస్తే కొన్ని వందల రూపాయల్లో తీరే సమస్య అది.

నిలబడి కూడా పనిచేసుకునేలా ఎత్తు మారే బల్లలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. రోజంతా నిలబడడం రోజంతా కూర్చోవడానికి మందు కాదు. కాళ్ల సిరలు ఉబ్బుతాయి, మడమలు నొస్తాయి. ఆ బల్ల ఉపయోగం భంగిమ మార్చుకోవడంలో ఉంది.

వంట గట్టు

వంటగదిని పనిచోటుగా గుర్తించిన తొలి డిజైన్లలో ప్రసిద్ధమైనది ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది. ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెట్ షూట్టె-లిహోట్స్‌కీ 1926లో దీన్ని కార్మికుల ఇళ్ల కోసం రూపొందించింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అడుగులు లెక్కపెట్టి గిన్నెలు, పొయ్యి, తొట్టి అమర్చింది. దాదాపు పదివేల ఇళ్లలో ఇది వెలసింది.

తెలుగు ఇళ్లలో వంట నేల మీది నుంచి గట్టు మీదికి రావడం గ్యాసు పొయ్యితో ఊపందుకుంది. కత్తిపీట, రోలు, తిరగలి కూర్చుని చేసే పనికి పుట్టిన పరికరాలు. కత్తిపీటను కాలితో అదిమిపట్టడం వల్ల రెండు చేతులూ కూరగాయకే దొరుకుతాయి, కోసే బలం భుజం నుంచి వస్తుంది. గట్టు వచ్చాక మోకాళ్లకు సుఖం కలిగింది, కానీ గట్టు ఎత్తు మేస్త్రీ అలవాటుకు వదిలేశారు. నిలబడి చేసే తేలికపాటి పని మోచేయికి పది, పదిహేను సెం.మీ. కింద ఉండాలి. 152 సెం.మీ. స్త్రీకి అది సుమారు 81 నుంచి 86 సెం.మీ. అవుతుంది. కూరలు తరిగే చోటికి ఇది సరిపోతుంది. పొయ్యి పెట్టే చోట మాత్రం పొయ్యి ఎత్తు, గిన్నె ఎత్తు కలిసి ఆమె గరిటెను భుజం దగ్గర తిప్పాల్సి వస్తుంది. పొయ్యి గట్టును ఒక మెట్టు దించి కట్టడమో, పొయ్యిని గట్టులోకి దించడమో పరిష్కారం. పిండి పిసకడం లాంటి బలం పెట్టే పనికీ తక్కువ ఎత్తే మేలు. ఇల్లు కట్టే ముందు వంట చేసేవారి మోచేయి కొలవడానికి ఖర్చేమీ కాదు.

నేల మీది పని, మగ్గం, ఆసు

ప్రపంచంలో పనిచేసేవారిలో చాలామందికి కుర్చీ లేదు. ఎర్గోనామిక్స్ పుస్తకాలు ఆఫీసు చుట్టూ తిరుగుతుండగా నాట్లు, కలుపు, బీడీలు, మగ్గం, ఇటుకబట్టీ పక్కనుండిపోయాయి. బాసింపట్టు వేసుకున్నా, గొంతుక్కూర్చున్నా నడుము ముందుకు గుండ్రమవుతుంది, మోకాళ్లు పూర్తిగా ముడుచుకుంటాయి. అరడుగు లోపు పీట వేసుకుంటే రెండూ కొంత తగ్గుతాయి. నేల మీద అలవాటుగా కూర్చునేవారి తుంటి, చీలమండ కీళ్లు సాగుబాటుతో ఉంటాయన్నదీ నిజమే. చెడుపు కూర్చోవడంలో కంటే పూట పూటంతా కదలనీయని పనిలో ఉంది. బీడీ కార్మికురాలికి వెయ్యికింత అని కూలి కడితే, లేచి నడవడం కూలి పోగొట్టుకోవడమే.

గుంత మగ్గంలో నేతగాడు నేల మట్టాన కూర్చుని కాళ్లు గుంతలోకి దించి చెక్కలు తొక్కుతాడు. గుంత వల్ల మోకాళ్లకు చోటు దొరుకుతుంది కానీ, ఆనుకోవడానికి వీపు లేదు, అచ్చుపలకను లాగినప్పుడల్లా మొండెం ముందుకు వంగుతుంది. గుంతలో చెమ్మ ఇంకో బాధ. దిండు, సీటు ఎత్తు, వెలుతురు, ఈ మూడు మారిస్తేనే పెద్ద తేడా కనిపిస్తుంది.

ఈ రంగంలో తెలుగు నేల నుంచి వచ్చిన మేలైన ఉదాహరణ ఆసు యంత్రం. పోచంపల్లి తరహా పట్టుచీరకు దారం రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకూ వెనక్కీ తిప్పే పని ఇది. సాధారణంగా ఇంటి ఆడవాళ్ల వంతు. ఒక్కో చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి. భుజం, మోచేయి పట్టేసి, మధ్యవయసుకే ఆ పని చేయలేని స్థితికి చేరేవారు. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూసి, ఏళ్ల తరబడి ముక్క ముక్కగా కూర్చి 1999లో యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. చేయి తిప్పడమనే కదలికే పోయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రమాద నివారణలో మొదటి మెట్టు ప్రమాదాన్నే తీసేయడమని ఎర్గోనామిక్స్ చెబుతుంది. భుజం నొప్పికి మందు, వ్యాయామం, విరామం వెతక్కుండా, కదలికనే తొలగించిన ఆసు యంత్రం ఆ సూత్రానికి అచ్చమైన నమూనా.

పొలంలో పనిముట్టు పిడి పొడవు నడుము భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియా తోటల్లో కూలీల చేత పొట్టి పిడి పారలతో కలుపు తీయించేవారు. పొట్టి పిడి ఉంటేనే మొక్క దెబ్బతినదని యజమానుల వాదన. నడుములు శాశ్వతంగా పాడైపోతున్నాయని వైద్యులు సాక్ష్యం చెప్పాక, 1975లో రాష్ట్రం ఆ పారను నిషేధించింది. పొడవాటి పిడితోనూ పంటలు బాగానే పండాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతం నుంచి శ్రీ పద్ధతి వరి సాగుతో పాటు వచ్చిన, నిలబడి తోసే కలుపు యంత్రం వంగే అవసరాన్ని తగ్గించింది. బురదలో దాన్ని తోసే భారం భుజాలకు మారింది. పనిముట్టు బరువు తోసేవారి బలానికి సరిపోవాలన్నది అక్కడ మళ్లీ ముందుకొచ్చింది.

బరువులు

అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలించినప్పుడు ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అనుకూలమంటే సరుకు శరీరానికి 25 సెం.మీ. దూరంలో, నేల నుంచి 75 సెం.మీ. ఎత్తులో, మెలి తిరగనక్కర్లేకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తేదిగా ఉండడం. దూరం 50 సెం.మీ. అయితే పరిమితి సగానికి, పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. నేల మీది నుంచి ఎత్తినా, నడుము తిప్పినా ఇంకా తగ్గుతుంది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. యూరియా బస్తాను 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు, అదీ ఎరువు వాడకం తగ్గించాలని, హమాలీ కోసం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి సిఫారసు వయోజన పురుషుడికి 55 కిలోలను పైహద్దుగా పేర్కొంది, స్త్రీలకు అంతకంటే బాగా తక్కువ ఉండాలంది.

బరువులెత్తే మెలకువలు నేర్పితే చాలనుకునే యాజమాన్యాలు ఎక్కువ. ఆ శిక్షణ ఒక్కటే నడుము నొప్పులను తగ్గించదని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. నడుము పట్టీలు గాయాలను ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని నియోష్ 1994లోనే ప్రకటించింది. బస్తా బరువు తగ్గించడం, నడుము ఎత్తు దిమ్మె మీద పేర్చడం, చక్రాల బండి ఇవ్వడం పనిచేస్తాయి.

అంచనా పద్ధతులు

పనిచోటును తనిఖీ చేసేవారికి సులభమైన పద్ధతులున్నాయి. ఫిన్లాండ్ ఉక్కు కర్మాగారంలో 1970లలో పుట్టిన ఓవాస్ వీపు, చేతులు, కాళ్ల స్థితిని, మోసే బరువును అంకెలుగా మారుస్తుంది. బ్రిటన్‌లో లిన్ మెకటామ్నీ, నైజెల్ కార్లెట్ 1993లో ప్రచురించిన రూలా భుజం, మోచేయి, మణికట్టు, మెడ కోణాలకు మార్కులు వేసి 1 నుంచి 7 దాకా తుది అంకె ఇస్తుంది. ఏడు వస్తే వెంటనే మార్చాలి. ఫోన్ కెమెరా, కోణమానిని ఉంటే చాలు. కార్మికుణ్నే ఎక్కడ నొస్తోందని అడిగి, శరీర పటం మీద గుర్తు పెట్టించే పద్ధతి వీటన్నిటికంటే చవక, చాలాసార్లు వీటికంటే ఎక్కువ చెబుతుంది.

ఎర్గోనామిక్ అన్న మాట ఇప్పుడు బజారులో దిండు, మౌస్, సంచి, స్పూను వేటి మీదైనా కనిపిస్తుంది. ఆ ముద్ర వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ కొలతల వారి కోసం, ఏ పనికి, ఎంతసేపటికి చేశారో చెప్పలేని వస్తువుకు ఆ పేరు అలంకారమే.

చట్టాలు

ఐరోపా సమాజం 1990లో తెర ముందు పనిచేసేవారి కోసం ప్రత్యేక ఆదేశం ఇచ్చింది. కుర్చీ, బల్ల, వెలుతురు, విరామం, కంటి పరీక్ష యజమాని బాధ్యత అయ్యాయి. అమెరికాలో 2000 నవంబరులో వచ్చిన ఎర్గోనామిక్స్ నియమావళిని వ్యాపార సంస్థల వ్యతిరేకతతో 2001 మార్చిలోనే రద్దుచేశారు.

భారతదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయపరిచేంత బరువులు ఎత్తించకూడదంది. నిలబడి పనిచేసేవారికి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షన్ చెప్పింది. దుకాణాలకు అది వర్తించేది కాదు. బట్టల షాపుల్లో పది, పన్నెండు గంటలు నిలబడే అమ్మకపు స్త్రీల ఉద్యమం ఫలితంగా కేరళ 2018లో కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. ఫ్యాక్టరీల చట్టాన్ని తనలో కలుపుకుంటూ 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్, ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావాల్సిన కార్మికుల సంఖ్యను విద్యుత్తు వాడే చోట 10 నుంచి 20కి, వాడని చోట 20 నుంచి 40కి పెంచింది. ఇంటి మగ్గం, వరి మడి, వంటిల్లు ఏనాడూ ఫ్యాక్టరీ లెక్కలోకి రాలేదు.